ఊరి పేరే తన పేరైన పెద్దావిడ

ఒరేయ్ బావా,

అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఇదంతా ఫోన్‌లోనే చెప్పేద్దామనుకున్నాను. కానీ నువ్వు బండి నడుపుతూ సగమే వింటావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదువు.

మొన్న ఆదివారం ఇక్కడ ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ నది ఒడ్డున ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను. అక్కడ గోడంత బొమ్మ ఒకటి చూసి కాళ్ళు ఆగిపోయాయి. దూరం నుంచి గులాబీ రంగు, పసుపు, నడుమ పెద్ద తెల్లటి మడుగు, అంతే. దగ్గరికెళ్తే సంగతి వేరు. బొమ్మ వేసినావిడ తెలుపు ఆరకముందే దాని మీద గులాబీ వేసి, వెడల్పాటి కుంచెతో ఒక్క లాగు లాగింది. రెండూ కలిసిన చోట వెన్నలో కుంకుమ కలిపినట్టు చారలు. కుంచె వెంట్రుకల గీతలు కూడా కనిపిస్తున్నాయి. కింద 'డిబిర్‌డిబి కంట్రీ' అని రాసుంది. ఆవిడ పేరు సాలీ గబోరి. ఇక్కడి ఆదివాసులు కంట్రీ అంటే దేశం అని కాదురా. తమ నేల, నీళ్ళు, తాతముత్తాతలు, అన్నీ కలిపి ఆ ఒక్క మాట.

ఆవిడ సొంత పేరు మిర్డిడింకింగతి జువార్ండా. మిర్డిడింకి అనే వాగు దగ్గర పుట్టింది కాబట్టి మిర్డిడింకింగతి. జువార్ండా అంటే డాల్ఫిన్, పుట్టుకతోనే ఆవిడకి చుట్టమైన జీవి. మనలోనూ ఊళ్ళ పేర్లే ఇంటిపేర్లయ్యాయి, మీ ఇంటిపేరూ అంతేగా. కానీ మనవి ముత్తాతల నాటి ఊళ్ళు. ఆవిడది తను కళ్ళు తెరిచిన చోటు. సొంత పేరుతో పిలిచినప్పుడల్లా ఆ వాగే వినపడుతుంది.

ఆ వాగు ఉన్నది బెంటింక్ అనే చిన్న దీవిలో, క్వీన్స్‌లాండ్ ఉత్తరాన, కార్పెంటేరియా గల్ఫ్‌లో. అక్కడి కైయాడిల్ట్ జనానికి సముద్రమే చేను. ఒడ్డున రాళ్ళు పేర్చి గోడలు కట్టేవాళ్ళు. పోటుకి చేపలు లోపలికొస్తాయి, ఆటుకి నీళ్ళు వెనక్కిపోతే అక్కడే చిక్కుకుంటాయి. ఆ రాళ్ళు సర్దడం, చేపలు పట్టడం, పురి పేని సంచులు అల్లడం ఆవిడ పని. 1948లో తుపాను వచ్చింది, ఉప్పునీళ్ళు మంచినీళ్ళలో కలిశాయి. అప్పటికి మిగిలిన 63 మందినీ మిషనరీలు మోర్నింగ్టన్ దీవికి తరలించారు. పిల్లల్ని విడదీసి హాస్టల్లో పెట్టారు, పెద్దవాళ్ళు ఒడ్డున గుడిసెల్లో ఉన్నారు. పిల్లలు ఇంటి భాష మాట్లాడకూడదు. ఇది చదివాక ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదురా. కన్నతల్లి మాట బిడ్డ నోట రాకుండా చేయడం కన్నా పెద్ద అన్యాయం ఇంకేముంటుంది?

తర్వాత కొన్ని దశాబ్దాలు ఆ గడ్డకు దూరంగానే గడిచాయి. భూహక్కుల చట్టాలొచ్చాక గానీ, మళ్ళీ వెళ్ళి కొన్నాళ్ళు ఉండి రావడం కుదరలేదు.

ఇక 2005లో, దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో, మోర్నింగ్టన్ ఆర్ట్ సెంటర్‌లో మొదటిసారి కుంచె పట్టింది. కాన్వాస్ మీదో చెట్టుబెరడు మీదో బొమ్మలేసే ఆనవాయితీ వాళ్ళ జనంలో లేనే లేదు. అంటే చూసి నేర్చుకోవడానికి ముందు దారి వేసినవాళ్ళు లేరు. 2015లో కన్నుమూసేలోగా రెండు వేలకు పైగా వేసింది! 2022లో పారిస్‌లో ఆవిడ బొమ్మలతోనే పెద్ద ప్రదర్శన పెట్టారు.

నాకు బాగా పట్టుకున్నది మాత్రం వేరే. ఆవిడ మళ్ళీ మళ్ళీ వేసినవి కొన్ని చోట్లే. తను పుట్టిన వాగు. తండ్రి నేల థుండి. భర్త నేల డిబిర్‌డిబి. తోడబుట్టినవాడి నేల మకార్కి. మనకి రంగులుగా కనిపించేవి ఆవిడకి నాన్న, మొగుడు, తోడబుట్టినవాడు. 2007లో అయితే తన వాళ్ళలోని ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని, అంతా కలిసి ఆరు మీటర్ల కాన్వాస్ వేశారు. దాని పేరు 'దుల్కా వార్న్‌గీద్', అంటే అందరి నేల.

బావా, ఆ బొమ్మ ముందు నిలబడితే నాకు మీ అమ్మమ్మే గుర్తొచ్చింది. ఇంటర్ అయిన ఎండాకాలం గుర్తుందా? శ్రీశైలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందని ముగ్గురం వెళ్ళాం. దారిలో ఒకచోట, ఆ నీళ్ళలో మునిగిన తన ఊరి దగ్గర, అమ్మమ్మ బండి ఆపమంది. బీటలు వారిన బురద మీద పుల్లతో గీస్తూ, "ఇదిగో మా గడప, ఇటు చింతచెట్టు, ఇటు పెద్దబావి, ఈ సందులో మా చిన్నక్క వాళ్ళిల్లు" అని చెప్పుకుంటూ పోయింది. మనం ఎండకి తాళలేక, పద పద అంటూ తొందరపెట్టాం. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది.

ఒక పని చెయ్యి. ఈ ఆదివారం పెద్ద డ్రాయింగ్ షీట్లు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొని అమ్మమ్మ ముందు పెట్టు. మునిగిన ఊరు గియ్యమను. తప్పొప్పులు పట్టకు, పక్కనే కూర్చో. ఏ ఇల్లు ఎవరిదో చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చెయ్యి. చిన్నక్క వాళ్ళ సందు తప్పకుండా అడుగు. అయ్యాక ఫోటో తీసి నాకు పంపు, ఇక్కడ పెద్ద సైజులో ప్రింట్ వేయించి గోడకి పెట్టుకుంటా.

అత్తయ్యకి, మామయ్యకి నమస్కారాలు చెప్పు.

నీ
బావ