బోటు కొనేది ఫొటో కోసమా?

సంపాదకుడు గారికి,

మన జలాశయానికి కొత్త పాంటూన్ బోటు, అంటే గాలి గొట్టాల మీద బల్ల పరిచిన బోటు, కొంటున్నారని పోయిన ఆదివారం మీ పేపర్లో చదివాను. మనకెందుకులే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. నిన్న పాత పేపర్లు కట్ట కడుతుంటే మళ్ళీ ఆ హెడ్డింగే కంటపడింది. 18 అడుగుల బోటు వద్దు, 24 అడుగులదే కావాలని కమిటీ ఏకగ్రీవంగా తేల్చిందట. ఎందుకయ్యా అంటే, ఎక్కువమంది పడతారట!

ఎంతమంది పడతారో సీట్లు లెక్కపెట్టి చెప్పేస్తారా? బోటును తేల్చేవి సీట్లు కావు, కిందుండే అల్యూమినియం గొట్టాలు. వాటి పొడవొక్కటే చూస్తే సరిపోదు, లావు చూడాలి. 23 అంగుళాల గొట్టానికీ 25 అంగుళాల గొట్టానికీ తేడా రెండంగుళాలే అనిపిస్తుంది గానీ, పొడవు ఒకటే అయితే లావుదానికి నీళ్ళ మీద బరువు మోసే సత్తా దాదాపు 18 శాతం ఎక్కువ. లావు గొట్టాలున్న 20 అడుగుల బోటు, సన్న గొట్టాలున్న 22 అడుగుల బోటును మించిపోతుంది. స్కూల్లో చెప్పిన ఆర్కిమెడిస్ లెక్కే, కావాలంటే వేసి చూసుకోండి. మీ విలేకరి సీటు కవర్ల రంగు రాశారు, పాటలకు స్పీకర్లున్నాయని రాశారు. గొట్టం లావు ఎంతో రాయలేదు. కమిటీ వాళ్ళు అడిగి ఉంటే కదా రాయడానికి!

పోయినేడాది నేను వేరేచోట ఇలాంటి పెద్ద బోటే ఎక్కాను. బోటు కదలగానే ఫొటోలకని జనమంతా ముందుకు ఎగబడ్డారు. ముక్కు దిగిపోయి నీళ్ళు డెక్కు మీదకొచ్చాయి, నా చెప్పులు తడిసిపోయాయి. లైఫ్ జాకెట్లు సీటు కింద పెట్టెలో భద్రంగా ఉన్నాయి, పెట్టె తాళం సరంగు జేబులో ఇంకా భద్రంగా ఉంది. తిరిగొచ్చేసరికి గాలి మొదలైంది. పాంటూన్ బోటు నీళ్ళలోకి లోతుగా దిగదు. పైన చూస్తే చుట్టూ రేకుల కటకటాలు, నెత్తిన పందిరి, ఎంత పొడవుంటే గాలికి అంత తెరచాప. సరంగు మూడుసార్లు రేవుకు తిప్పాడు, మూడుసార్లూ వెనక భాగం పక్కకు కొట్టుకుపోయింది. చివరికి ఒడ్డు మీది కుర్రాడెవరో తాడు అందుకుని స్తంభానికి చుడితే గానీ దిగలేకపోయాం. అప్పటిదాకా ఒకటే టెన్షన్.

పెద్దది పనికిరాదని నేననను. అలలు పెద్దగా లేచేచోట పొడవాటి బోటు తక్కువ ఊగుతుంది, మధ్యలో మూడో గొట్టం కూడా ఉంటే ఇంకా నిలకడ. కానీ మన జలాశయంలో అలలెక్కడివి? ఎండాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా దిగుతాయో అందరికీ తెలిసిందే. మామూలు రోజుల్లో ఎక్కేది ఆరుగురో ఏడుగురో. వాళ్ళకు 18 అడుగుల బోటు, 40, 50 హార్స్‌పవర్ మోటారు చాలు. 24 అడుగులది నిండుగా జనంతో కదలాలంటే 90కి తక్కువైతే ఈడ్చుకుంటూ పోవాల్సిందే. ఆరుగురి కోసం అంత మోటారు తిప్పితే ఆయిలు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఆ ముక్క కమిటీలో ఎవరైనా అడిగారా?

అసలు ఈ రకం బోటు 1950ల మొదట్లో అమెరికాలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు చేసింది. ఇనుప పీపాలను వరసగా అతికించి, వాటి మీద చెక్క బల్ల పరిచి సరస్సులో తేల్చాడు, మన బల్లకట్టుకు దూరపు చుట్టమన్నమాట. ఆయన కమిటీ వేసుకోలేదు.

మన అధికారుల వరస బోటుతో మొదలైంది కాదు. ఫౌంటెన్ పెట్టారు, మోటారు కాలిపోయింది, ఇప్పుడందులో దోమలు పెరుగుతున్నాయి. పార్కులో వ్యాయామం సామాన్లు పెట్టారు, వాటి మీద బట్టలారుతున్నాయి. శిలాఫలకాలకు మాత్రం ఏటా రంగు పడుతోంది. కొనేటప్పుడు ఉన్న హుషారు మరమ్మతుల పద్దు రాసేటప్పుడు ఉండదు. గొట్టాల అతుకుల్లోంచి నీళ్ళు దిగుతున్నాయేమో ఏటా బోటును ఒడ్డుకు లాగి చూడాలి. 24 అడుగుల బోటును పైకి లాగడానికి మన రేవులో ర్యాంపేదీ?

మీ విలేకరిని ఇంకోసారి పంపించండి. గొట్టం లావెంత, ఒక్కో గొట్టంలో విడివిడి అరలు ఎన్ని, మనుషులూ మోటారూ కలిపి ఎంత బరువు దాకా ఎక్కించవచ్చని తయారీదారు పలక మీద రాశాడు, ఈ మూడూ కనుక్కుని వేయండి. సీటు కవర్లు నీలం రంగని మాకు తెలిసింది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు