మన జెర్సీ వేసుకున్నవాడి మీద కేసు పడితే

ఒరేయ్ ప్రసాదూ,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టంలేక మాట దాటేశాను. "మావాడు టస్కలూసాలో ఎమ్మెస్‌లో చేరినప్పట్నుంచి చదువు కబుర్ల కంటే ఆటల కబుర్లే ఎక్కువయ్యాయి. అక్కడ ఆమధ్య ఏదో హత్య కేసులో పేరు వినబడ్డ కుర్రాణ్ణి ఆడించారట, జనం చప్పట్లు కొట్టారట, ఇదేం చోద్యంరా?" అన్నావు. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ ఊరేమిటో తెలియాలి. అలబామా రాష్ట్రంలోని టస్కలూసా జనాభా దాదాపు లక్ష. అక్కడి అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, అమెరికావాళ్ళది) స్టేడియంలో సీట్లూ లక్షే. రాష్ట్రం మొత్తానికీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఒక్కటి లేదు, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్టూ లేదు. కాబట్టి అక్కడ పుట్టినవాడు ఊహ తెలిసేసరికే అలబామా యూనివర్సిటీ మనిషో, దాని ప్రత్యర్థి ఆబర్న్ యూనివర్సిటీ మనిషో అయిపోతాడు. తాత ఏ జట్టో తండ్రీ అదే జట్టు. పెళ్ళి సంబంధాల్లో కూడా ఆ మాట వస్తుంది. కాలేజీలో ఒక్కరోజు చదవనివాళ్ళు సైతం "మేం గెలిచాం" అంటారు. ఇంత అభిమానం నాకు తప్పుగా తోచదు. శనివారం పూట ఊరంతా ఒకే రంగు బట్టలు కట్టుకుని బయల్దేరితే చూడముచ్చటగా ఉంటుంది కూడా. చిక్కల్లా ఆ రంగు చొక్కా వేసుకున్న పిల్లాడి ఇంటికి పోలీసులు వచ్చిన రోజున మొదలవుతుంది.

మీవాడు చెప్పింది 2023 నాటి సంగతి. ఆ జనవరి 15 తెల్లవారుజామున, క్యాంపస్ పక్కనే ఉన్న బార్ల వీధిలో తుపాకీ పేలి ఇరవైమూడేళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆమెకో చిన్న కొడుకు. బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్న డేరియస్ మైల్స్ మీదా, అతని స్నేహితుడొకడి మీదా హత్యానేరం మోపారు. మైల్స్‌ని యూనివర్సిటీ ఆ రోజే జట్టు నుంచి తీసేసింది. అంతవరకూ ఎవరూ పెద్దగా వాదించుకోలేదు. అతను ఎక్కువగా బెంచి మీదుండే ఆటగాడు, పైగా ఆ సీజన్లో గాయంతో ఆటకి దూరమైనవాడు.

నెల తిరిగాక, ఫిబ్రవరి 21న కోర్టులో ఓ డిటెక్టివ్ చెప్పిన సాక్ష్యంతో అసలు గొడవ మొదలైంది. ఆ తుపాకీ ఆ చోటికి వచ్చింది బ్రాండన్ మిల్లర్ కారులో. మిల్లర్ అంటే ఆ జట్టుకి ప్రాణం, మొదటి ఏడాదిలోనే దేశం మొత్తం మీద పేరు మోగిపోతున్న కుర్రాడు. తన తుపాకీ తెచ్చిపెట్టమని మైల్స్ అతనికి మెసేజ్ పెట్టాడని డిటెక్టివ్ చెప్పాడు. మిల్లర్ అప్పటికే మైల్స్‌ని ఎక్కించుకోవడానికి బయల్దేరాడనీ, తుపాకీ వెనక సీట్లో బట్టల కింద ఉందనీ, అతను దాన్ని చూడనూలేదు, ముట్టనూలేదనీ అతని లాయరు చెప్పాడు. పోలీసులు మిల్లర్ మీద కేసు పెట్టలేదు, సాక్షిగానే చూశారు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మర్నాడే సౌత్ కరోలినాలో ఆట. మిల్లర్‌ని ఆడించారు. నలభై ఒక్క పాయింట్లు కొట్టాడు, చివరి క్షణంలో జట్టుని గెలిపించిందీ అతనే. అవతలి జట్టు అభిమానులు "జైల్లో పెట్టండి" అని లయగా అరిచారు. ఇవతలివాళ్ళకి ఆ అరుపులు వినేకొద్దీ అతని మీద ప్రేమ రెట్టింపైంది. ఆ శనివారం సొంత ఊళ్ళో ఆట. ఆటగాళ్ళని పరిచయం చేసే వేళ మిల్లర్ చేతులు చాచి నిలబడ్డాడు, సాటి ఆటగాడు అతని ఒళ్ళంతా తడిమి చూశాడు, అచ్చం ఆయుధాలకోసం వెతికినట్టు. సీజన్ మొదట్నుంచీ అలాగే చేస్తున్నారట. కానీ ఆ అమ్మాయిని పాతిపెట్టి ఆరు వారాలు కూడా నిండని ఊరది. ఆపమని చెప్పడానికి ఒక్క పెద్దమనిషికీ తోచలేదు! తర్వాత కోచ్ తప్పు ఒప్పుకుని ఇక చెయ్యనివ్వమన్నాడనుకో. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఆ కుర్రాడి మీద కాదు, చుట్టూ ఉన్న పెద్దవాళ్ళ మీద.

ఇక్కడ రెండు వైపులా చూడు. అలబామావాళ్ళు "కేసే లేదుగా" అన్నారు. సౌత్ కరోలినావాళ్ళు "జైల్లో పెట్టండి" అన్నారు. ఇద్దరి దగ్గరా ఉన్న సమాచారం ఒక్కటే, అదే కోర్టు సాక్ష్యం, అదే వార్త. తేడా అంతా చొక్కా రంగులో ఉంది. ఆ అరిచినవాళ్ళలో నిజంగా ఆ తల్లి కోసం బాధపడ్డవాళ్ళు ఉండొచ్చు, కాదనను. కానీ ఫ్రీత్రో వేసేవాడి గురి తప్పించడానికి ఒక చావుని వాడుకున్నప్పుడు దాన్ని న్యాయం కోసం అరుపు అనలేను.

ఇదేం కొత్త జబ్బు కాదురా. 1951 నవంబర్లో ప్రిన్స్‌టన్‌కీ డార్ట్‌మత్‌కీ ఫుట్‌బాల్ ఆట జరిగింది. మొరటుగా ఆడారు. ప్రిన్స్‌టన్ హీరో డిక్ కాజ్‌మేయర్ ముక్కు విరిగింది, డార్ట్‌మత్ కుర్రాడొకడి కాలు విరిగింది. హాస్టార్ఫ్, కాంట్రిల్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఆ ఆట ఫిల్మ్‌ని రెండు కాలేజీల పిల్లలకీ చూపించి, తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ ఆటగాళ్ళు చేసిన తప్పులు డార్ట్‌మత్ పిల్లలకి కనబడినదానికి రెట్టింపుకి పైగా ప్రిన్స్‌టన్ పిల్లలకి కనబడ్డాయి. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు, వాళ్ళ కంటికి అలాగే కనిపించింది. కళ్ళ ముందు ఆడుతున్న ఫిల్మ్ విషయంలోనే అలా ఉంటే, నాలుగు గోడల మధ్య ఏం జరిగిందో ఎవరూ చూడని కేసు సంగతి చెప్పాలా?

అలాంటి కేసే ఫ్లోరిడాలోని టల్లహాసీది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలతపెట్టిందీ అదే. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో జేమిస్ విన్‌స్టన్ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే ఫుట్‌బాల్ జట్టు ఆటని నడిపించేవాడు, ఉండేవాడు. 2012 డిసెంబర్లో మొదటి సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయి తన మీద అత్యాచారం జరిగిందని ఆ రాత్రే పోలీసులకి చెప్పింది. చేసిందెవరో అప్పటికి ఆమెకి తెలియదు. జనవరిలో క్లాసులో అతన్ని చూసి గుర్తుపట్టి పేరు చెప్పింది. ఆ తర్వాత నెలల తరబడి పోలీసులు కదల్లేదు. అతన్ని వెంటనే ప్రశ్నించలేదు, అప్పుడే డీఎన్ఏ తీసుకోలేదు. సంగతి బయటపడింది 2013 నవంబర్లో. అప్పటికి అతను దేశంలో అందరికన్నా గొప్ప ఆటగాడు. తనంతట తాను ఇష్టపడే వచ్చిందని అతని తరఫు వాదన. డిసెంబర్ 5న ప్రాసిక్యూటర్ విల్లీ మెగ్స్ సాక్ష్యాలు చాలవు, అభియోగం మోపడంలేదన్నాడు. తొమ్మిది రోజులకి అతనికి కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికన్నా మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ, జనవరిలో జట్టుకి జాతీయ చాంపియన్‌షిప్.

సంగతి బయటపడ్డాక ప్రాసిక్యూటర్ మాట చెప్పేదాకా ఉన్న ఆ వారాల్లో అభిమానులు దర్యాప్తు సరిగా జరిగిందా అని అడగలేదు. "శనివారం ఆడతాడా లేదా?" అన్నదే వాళ్ళ ప్రశ్న. జవాబు రాగానే ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆ అమ్మాయి పేరు వెతికి బయటపెట్టారు, నోటికొచ్చినట్టు తిట్టారు. ఆమె చదువు మధ్యలో వదిలేసి ఊరే విడిచి వెళ్ళిపోయింది. యూనివర్సిటీ విచారణలో కూడా అతని తప్పు రుజువు కాలేదన్నారు. తను చెప్పినప్పుడు యూనివర్సిటీ పట్టించుకోలేదని ఆమె వేసిన దావాని మాత్రం 2016లో తొమ్మిదిన్నర లక్షల డాలర్లిచ్చి రాజీ చేసుకున్నారు. తప్పు ఒప్పుకున్నట్టు కాదని కూడా అన్నారు. అసలేం జరిగిందో నేను తీర్పు చెప్పను. చెప్పడానికి కావలసిన దర్యాప్తు చెయ్యాల్సిన నాడు చెయ్యలేదు, నా బాధంతా అదే. దానివల్ల ఆ అమ్మాయికీ న్యాయం తేలలేదు, ఆ కుర్రాడి మీద మచ్చా చెరగలేదు.

2014 ఏప్రిల్లో ఇదే విన్‌స్టన్ సూపర్‌మార్కెట్లో పీతకాళ్ళు డబ్బులివ్వకుండా పట్టుకెళ్ళి దొరికాడు. ఇరవై గంటల సమాజసేవ చెయ్యమన్నారు. ఇక చూడు, అవతలి జట్ల అభిమానులందరికీ పీతకాళ్ళే పండగ. బొమ్మలు, బోర్డులు, చొక్కాలు. ఆ కుర్రాడి పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది ఇప్పటికీ అదే. పీతకాళ్ళ మీద నవ్వుకోవడం ఎవరికైనా తేలిక. ఆ అమ్మాయి సంగతి మాట్లాడాలంటే అతన్ని ద్వేషించేవాళ్ళకి కూడా ఇబ్బందే. అలా పెద్ద విషయం చిన్న విషయం కింద పడి కనబడకుండా పోయింది.

అయితే అభిమానులు ఎప్పుడూ సమర్థిస్తారనీ, బయటివాళ్ళ మాటే నిజమనీ అనుకుంటే అదీ పొరపాటే. 2006లో డ్యూక్ యూనివర్సిటీ లక్రాస్ (వలకర్రలతో బంతిని పట్టి విసిరే ఆట) జట్టు కుర్రాళ్ళు ముగ్గురి మీద ఇలాంటి అభియోగమే వచ్చింది. వాళ్ళు డబ్బున్న తెల్లవాళ్ళు, ఆరోపణ చేసినామె నల్లజాతి స్త్రీ. దేశమంతా ఆ రోజే తీర్పు చెప్పేసింది. సీజన్ రద్దు, కోచ్ రాజీనామా. సొంత ప్రొఫెసర్లు ఎనభై ఎనిమిది మంది పత్రికలో ప్రకటన వేస్తే, వాళ్ళ మీద నేరం రుజువైపోయినట్టే చాలామంది చదువుకున్నారు. ఏడాది తిరిగాక రాష్ట్ర అటార్నీ జనరల్ రాయ్ కూపర్ కేసు కొట్టేసి ఊరుకోలేదు, వాళ్ళు నిర్దోషులని నోరారా చెప్పాడు. ఆ కేసు నడిపిన జిల్లా అటార్నీ లైసెన్సు ఊడింది. 2024లో ఆరోపణ చేసినామే తను చెప్పింది అబద్ధమని ఒప్పుకుంది. "నిప్పులేందే పొగరాదు" అని ఊరికే అనేస్తాం గానీ, ఆ ముగ్గురూ ఏడాది పాటు ఆ పొగలోనే బతికారు.

ఇలినాయ్ బాస్కెట్‌బాల్ ఆటగాడు టెరెన్స్ షానన్ సంగతీ ఉంది. 2023 చివర్లో అతని మీద అత్యాచారం కేసు పడగానే యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. అతను ఫెడరల్ కోర్టుకి వెళ్ళి మళ్ళీ ఆడేలా ఉత్తర్వు తెచ్చుకున్నాడు. 2024 జూన్‌లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. "చూశారా, మేం ముందే చెప్పాం" అన్నారు ఇలినాయ్ అభిమానులు. ముందే వాళ్ళకెలా తెలుసురా? తీర్పు వాళ్ళకి కావలసినట్టు వచ్చింది, అంతే. రేపు ఇంకొకడి విషయంలో వేరేగా వస్తే ఆ మాట ఎటుపోతుంది?

నువ్వు మరో మాట కూడా అన్నావు: "చిన్న పిల్లలురా, రెండో అవకాశం ఇవ్వద్దూ?" అని. ఆ మాటలో దయ ఉంది, అందుకే తీసిపారెయ్యను. 1995లో నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ టామ్ ఆస్‌బర్న్ కూడా అదే అన్నాడు. లారెన్స్ ఫిలిప్స్ అనే రన్నింగ్‌బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) తన మాజీ స్నేహితురాలి మీద దాడి చేశాడు. ఆమె అదే యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయి. ఫిలిప్స్ పెంపుడు ఇళ్ళలో పెరిగినవాడు, ఆట నుంచి తీసేస్తే పూర్తిగా చెడిపోతాడని కోచ్ భయం. ఆరు ఆటలు పక్కనపెట్టి తిరిగి తీసుకున్నాడు. ఫైనల్లాంటి ఫియెస్టా బౌల్లో ఫిలిప్స్ నూట అరవై అయిదు గజాలు పరిగెత్తాడు, జట్టు చాంపియనైంది. ఆస్‌బర్న్ మనసులో కపటం ఉందని నేననుకోను. కానీ ఆ ఏడాది అదే క్యాంపస్‌లో ఆమె కూడా ఆటగత్తేగా! ఆమె ఆట ఏమైపోతుందని భయపడిన అభిమానులెందరు? ఫిలిప్స్ తర్వాత వేరే నేరాలకి ముప్ఫై ఏళ్ళకి పైగా శిక్ష పడి, 2016లో కాలిఫోర్నియా జైల్లో చనిపోయాడు. రెండో అవకాశం ఇవ్వాల్సిందే, కానీ అది ఎవరికి దొరుకుతోందో చూడు. బాగా ఆడేవాడికి దొరికినంత తేలిగ్గా బెంచి మీదవాడికి దొరకదు.

మన దగ్గర సినిమా హీరోల అభిమానులు ఎలా ఉంటారో నీకు చెప్పక్కర్లేదు, అచ్చం అలాగే. ఒక్క తేడా ఉంది. ఇక్కడ ఆ ఆటగాడు పంతొమ్మిదేళ్ళ విద్యార్థి. ఫిర్యాదు చేసిన అమ్మాయి కూడా చాలాసార్లు అదే కాలేజీ విద్యార్థిని. ఇద్దరూ ఆ యూనివర్సిటీ పిల్లలే. "మనవాడు" అని గుండె బాదుకునేవాళ్ళకి "మన అమ్మాయి" అనే మాట ఎందుకు నోట రాదో నాకు అర్థం కాదు.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నా. జైల్లో పెట్టాలా వద్దా అనేది కోర్టు చూసుకుంటుంది, దానికి అనుమానానికి తావులేని రుజువు కావాలి. ఆడించాలా వద్దా అనేది యూనివర్సిటీ పని, దానికి అంత రుజువు అక్కర్లేదు. గట్టి అభియోగం నమోదైతే తేలేదాకా పక్కన పెట్టడం శిక్ష కాదని నేనంటాను. షానన్ లాంటివాడు నష్టపోతాడు నిజమే, అందుకే విచారణ త్వరగా జరగాలి. ఇక చప్పట్లు కొట్టాలా వద్దా అనేది పూర్తిగా మన చేతిలో ఉన్నది. అది ఏ కోర్టూ చెప్పదు. కేసు లేదన్నంత మాత్రాన లేచి నిలబడి కేకలెయ్యాలని లేదు, కేసు పడిందన్నంత మాత్రాన దొంగ అనాలనీ లేదు. తెలియనప్పుడు ఊరుకోవడం కూడా మనిషి చెయ్యగలిగిన పనే.

మీవాడికి పెద్ద పాఠాలేం చెప్పకు, వాడు మంచి కుర్రాడు. రెండే అడుగు. ఈసారి వార్త వచ్చినప్పుడు ఆ ఆటగాడు ఆబర్న్‌వాడైతే కూడా నువ్వు ఇదే మాట అంటావా అని అడుగు. ఫిర్యాదు చేసినామె పేరు, ఫొటో ఎవరైనా ఫోన్లో పంపితే ఇంకొకరికి పంపనని మాట తీసుకో. రెండోది మరీ ముఖ్యం.

అట్లాంటా నుంచి వాడుండే ఊరు మూడు గంటల ప్రయాణమే. థాంక్స్‌గివింగ్ సెలవలకి మా ఇంటికి రమ్మన్నాను, పప్పుచారు చేసిపెడతానంది మీ వదిన. ఆ శనివారం అలబామా, ఆబర్న్ ఆట ఉంటుంది, ఇద్దరం కలిసి చూస్తాం. కేసు పడగానే పక్కన పెట్టాలన్న నా మాటకి నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు, ప్లీడరు బుద్ధి నీది. ఎందుకు కాదో వివరంగా రాయి, ఫోన్లో కాదు, ఉత్తరంలోనే. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ,
సత్యం