డిగ్రీ చదివి వలస వెళ్లిన టీచరుకు బీమా అక్కర్లేదా?

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో పనికి వెళ్లేవారి కోసం 1983లో చేసిన వలస చట్టాన్ని పక్కనపెట్టి కొత్త చట్టం తేవాలని కేంద్రం 2025 అక్టోబరులో ఒక ముసాయిదా విడుదల చేసింది. దాని మీద చర్చ వచ్చినప్పుడల్లా గల్ఫ్‌లోని నిర్మాణ కూలీల గురించి, ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. తప్పక మాట్లాడాలి. కానీ ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి పరాయి దేశం వెళ్లే టీచర్ల మాట నాకు ఎక్కడా వినిపించలేదు. మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో ఆ పని చేసి వచ్చినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది విజయనగరం జిల్లా. ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చదివి మా పట్టణంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో 14 వేల జీతానికి పనిచేసేదాన్ని. మాల్దీవుల జీతం మన రూపాయల్లో దానికి నాలుగు రెట్ల పైనే. అక్కడి పిల్లలు మిగతా సబ్జెక్టులు కూడా ఇంగ్లీషులోనే చదువుతారు. అందుకే మన దేశం నుంచి, ముఖ్యంగా కేరళ, తమిళనాడుల నుంచి టీచర్లు ఏళ్ల తరబడి అక్కడికి వెళ్తున్నారు. మనవాళ్లూ ఉన్నారు.

విమానం టిక్కెట్టు గురించి ఏజెంటును అడిగితే స్కూలే ఇస్తుందన్నాడు. చేతికొచ్చిన ఒప్పందంలో మాత్రం, రెండేళ్ల కాలం పూర్తిచేసినవారికి ప్రయాణ ఖర్చు తిరిగి ఇస్తామని ఉంది. అంటే ముందు మనం పెట్టుకోవాలి. ఏజెంటు ఫీజు, సర్టిఫికెట్ల అటెస్టేషన్, ఇక్కడి వైద్య పరీక్షలు, తిరువనంతపురం దాకా రైలు, అక్కడి నుంచి మాల్దీవుల రాజధాని మాలేకు విమానం, దిగాక వర్క్ వీసా కోసం మళ్లీ రక్త పరీక్షలు, ఎక్స్‌రే. మొదటి జీతం అందేలోపు వీటన్నిటికీ డబ్బు కావాలి. అమ్మ గొలుసు బ్యాంకులో కుదువ పెట్టాం. ఇంకో సంగతి కూడా ఆ కాగితంలో ఉంది. వాళ్లు ఒప్పుకున్న ప్రయాణ ఖర్చు మాలే వరకే. నా బడి ఉన్న దీవికి మాలే నుంచి దేశీయ విమానంలో వెళ్లి, అక్కడ స్పీడ్ బోటు ఎక్కాలి. ఆ ఖర్చు ఎవరిదో ఎక్కడా రాయలేదు. రాయనిది టీచరే పెట్టుకోవాలని అక్కడ అందరికీ తెలుసు.

మన జిల్లాలో ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్లే అలవాటున్నవారికి బోటు గురించి ఇంత పట్టింపు ఎందుకని అనిపించవచ్చు. ఆ దేశంలో జనం నివసించే దీవులు రెండు వందలకు కాస్త తక్కువ. చిన్న దీవుల్లో ఉండేది ఆరోగ్య కేంద్రం. డాక్టరు ఉంటారు, ఆపరేషన్ థియేటర్ ఉండదు. నైరుతి రుతుపవనాల రోజుల్లో సముద్రం అల్లకల్లోలంగా ఉంటే మామూలు ఫెర్రీలు ఆపేస్తారు.

అలాంటి రోజుల్లోనే నాకు అపెండిసైటిస్ వచ్చింది. సాయంత్రానికి నొప్పి ఎక్కువైతే, తెల్లవారేదాకా ఆగకుండా మా అటోల్ (దీవుల గుంపు)లోని పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లమన్నారు డాక్టరు. బోటు మాట్లాడారు. నేను పడవగట్టు మీద కడుపు పట్టుకుని కూర్చుని ఉంటే, అద్దె ఎవరు కడతారన్న మాట తేలలేదు. స్కూలు లెక్కలు చూసే ఆయన ప్రధాన కార్యాలయానికి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. చివరికి నాతో పనిచేసే మలయాళీ టీచర్లు, పక్కింటి మాల్దీవు కుటుంబం కలిసి డబ్బు వేసి బోటు కదిలించారు. ఆ మనుషుల మేలు ఎప్పటికీ మరువలేను. కానీ ఒక టీచరు ప్రాణం సాటి ఉద్యోగుల పర్సులో ఆ రాత్రి ఎంత డబ్బుందన్న దానిమీద ఆధారపడకూడదు.

మాల్దీవుల పౌరులకు ‘ఆసంధ’ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది. విదేశీయులకు అది వర్తించదు. మాకు ఉన్నది వర్క్ వీసా కోసం యాజమాన్యం తీసుకునే బీమా. నా పాలసీలో ఆపరేషన్‌కు పరిమితి ఉంది, బోటు అద్దె ఊసే లేదు. ఆస్పత్రిలో ముందు నగదు కట్టి, తరువాత బిల్లులు పంపి రాబట్టుకోవాలి. స్కూలు అడ్వాన్సు ఇచ్చి, ఆ మొత్తాన్ని నెలనెలా జీతంలో కోసుకుంది. కోలుకోవడానికి ఇంటికి వస్తానంటే ఒప్పందం మధ్యలో మానేసినట్టే లెక్క అన్నారు. అలా వస్తే రాకకు పెట్టిన టిక్కెట్టు డబ్బు కూడా పోతుంది. అందుకని కుట్లు మానకముందే పాఠాలకు వెళ్లాను. జబ్బుపడి ఇంటికి రావడమూ, ఉద్యోగం నచ్చక వదిలేసి రావడమూ ఒకటేనా? ఈ రెండింటికీ ఒకే శిక్ష రాసిన ఒప్పందాన్ని ఏ ప్రభుత్వమూ అనుమతించకూడదు.

మన దేశం వైపు చూస్తే నా బాధ ఇంకా పెరుగుతుంది. పదో తరగతి పాసయినవారి పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ కిందికి వస్తుంది, అంటే వలస అనుమతి అక్కర్లేదు. పాస్ కానివారు కేంద్రం గుర్తించిన 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఆ అనుమతి తీసుకోవాలి, ప్రవాసీ భారతీయ బీమా యోజనలో తప్పనిసరిగా చేరాలి. 2003లో మొదలైన ఈ పథకంలో ప్రీమియం పన్నులు కాక రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షలు ఇస్తారు. ఆస్పత్రి ఖర్చుకూ కొంత ఉంది. నాకు డిగ్రీలు ఉన్నాయి కాబట్టి ఆ తప్పనిసరి రక్షణ లేదు. మాల్దీవులు ఆ 18 దేశాల్లో లేవు కాబట్టి మరోసారి లేదు. ఈసీఎన్‌ఆర్ వారు కూడా ఆ 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు కేంద్రం వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2018 నవంబరులో ప్రకటించి, అమల్లోకి రాకముందే నిలిపేశారు. చదువుకున్నవాళ్లు తమ సంగతి తాము చూసుకోగలరన్న నమ్మకం దీని వెనుక ఉంది. ఒప్పందం చదివి అర్థం చేసుకోవడం నాకు వచ్చు. అందులో లేని షరతును యాజమాన్యం చేత రాయించే బలం నా చదువు ఇవ్వలేదు.

ఇదేమీ సాధ్యం కాని కోరిక కాదు. జపాన్ 1987 నుంచి నడుపుతున్న జెట్ కార్యక్రమంలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చే విదేశీయులకు రాకపోకల విమాన ఛార్జీ ఎవరిదో, మధ్యలో మానేస్తే ఏమవుతుందో ముందే రాసి ఉంటుంది. ఆ దేశపు ఆరోగ్య బీమాలో చేర్చి, దానికి తోడుగా ప్రమాద బీమా కూడా ఇస్తారు. కొరియా ప్రభుత్వ బడుల ఇంగ్లీషు టీచర్లకు వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ ప్రయాణ భత్యం ఉంది, ఆరోగ్య బీమా ప్రీమియంలో సగం యాజమాన్యం కడుతుంది. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం నియామక ఖర్చులను, ఉద్యోగం ముగిశాక తిరుగు టిక్కెట్టును యజమాని మీదే పెట్టింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన నిర్వచనం ప్రకారం నియామకం కోసం చేయించే వైద్య పరీక్షలు, బీమా, ప్రయాణం కూడా నియామక ఖర్చులే. వాటిని కార్మికుల నుంచి వసూలు చేయకూడదన్నది ఆ సంస్థ సూత్రం. టీచరు కూడా కార్మికురాలే.

ఇబ్బందుల్లో పడ్డవారికి మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అది నిజంగా దిక్కులేనివారి కోసం. యాజమాన్యం పెట్టాల్సిన బోటు ఖర్చును ఆ నిధి మీదికి నెట్టడం న్యాయం కాదు.

కొత్త చట్టంలో, దాని కింద వచ్చే నిబంధనల్లో చదువుతో, దేశంతో నిమిత్తం లేకుండా విదేశీ ఉద్యోగానికి వెళ్లే ప్రతి ఒక్కరికీ బీమా తప్పనిసరి చేయాలి. టీచర్ల కోసం ఒక నమూనా ఒప్పందం ప్రకటించాలి. బడి ఉన్న ఊరి వరకు ప్రయాణం, ఆస్పత్రికి అత్యవసర తరలింపు, జబ్బు చేస్తే తిరుగు టిక్కెట్టు యజమానివేనని అందులో స్పష్టంగా ఉండాలి. విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఆ ఒప్పందాన్ని తెలుగులో అచ్చువేసి బి.ఎడ్. కళాశాలలన్నిటికీ పంపాలి. మా జిల్లా నుంచి ఈ వేసవిలోనూ కొందరు అమ్మాయిలు ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ విషయాన్ని విదేశాంగ శాఖ ముందు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)