ముందు సైట్, తర్వాతే ఆర్వీ: ఈ సీజన్‌లో మా దగ్గర మారినవి

అందరికీ నమస్కారం.

మా దగ్గర ఆర్వీ (పడకలు, వంటిల్లు ఉన్న పెద్ద బండి) అద్దెకి తీసుకుని స్మోకీ మౌంటెన్స్‌కీ, ఉత్తర జార్జియా కొండలకీ వెళ్లే అట్లాంటా తెలుగు కుటుంబాలకి ఈ సీజన్ మొదలవక ముందే కొన్ని సంగతులు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: ఇకమీదట క్యాంప్‌సైట్ బుక్ అయినట్టు చూపిస్తేనే బండి ఇస్తాం. సైట్ లేకుండా అడ్వాన్స్ కూడా తీసుకోం. దీనివల్ల మాకు కొంత బేరం పోతుంది, అయినా ఆలోచించే ఈ నిర్ణయానికి వచ్చాం.

కారణం చెప్తాను. స్మోకీస్‌లో నేషనల్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్లన్నిటికీ ముందే రిజర్వేషన్ ఉండాలి. అక్కడికి వెళ్లాక చూసుకుందాం అంటే కుదరదు. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో సరిగ్గా ఆరు నెలల ముందు, ఈస్టర్న్ టైమ్ పొద్దున 10 గంటలకి సైట్లు తెరుచుకుంటాయి. అక్టోబర్ 16 రాత్రికి సైట్ కావాలంటే ఏప్రిల్ 16 పొద్దున కూర్చోవాలి. ఆకులు రంగు మారే వారాంతాలైతే చూస్తూండగానే నిండిపోతాయి. మన వాళ్లు చాలామంది ఆగస్టులో ఫోన్ చేసి, అక్టోబర్‌కి బండి ఖాళీగా ఉందా అని అడుగుతారు. బండి ఉంటుంది, పెట్టుకునే చోటే ఉండదు. పార్కులో రోడ్డు పక్కన ఆపుకుని పడుకోనివ్వరు. పిల్లల్నీ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ ఎక్కించుకుని రాత్రి తొమ్మిదింటికి పార్కు అంచున ఉన్న చెరోకీ ఊళ్లో చోటు వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. మీరు తేదీలు చెప్తే ఏ రోజు పొద్దున బుక్ చేయాలో, మీ కుటుంబానికి ఏ క్యాంప్‌గ్రౌండ్ నప్పుతుందో నేనే ఫోన్‌లో చెప్తాను. దానికి డబ్బులేమీ తీసుకోను.

ఒక సైట్‌లో ఆరుగురికే అనుమతి. రెండు కుటుంబాలు కలిసి వెళ్తుంటే రెండు సైట్లు తీసుకోవాలి, పక్కపక్కన కావాలంటే ఇద్దరూ ఒకే పొద్దున కూర్చుని చేయాలి. సైట్‌కి రాత్రికి 30 డాలర్లు.

రెండో మార్పు మా పెద్ద బండి గురించి. దాన్ని ఇకనుంచి పిజన్ ఫోర్జ్, చెరోకీ చుట్టుపక్కల ప్రైవేట్ ఆర్వీ పార్కులకి వెళ్లేవాళ్లకే ఇస్తాం. నేషనల్ పార్క్ లోపలికైతే 25 అడుగుల బండి చాలు. పార్కులోని ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్‌లో మోటర్‌హోమ్ (ఇంజిన్ ఉన్న బండి) 35 అడుగులు, ట్రైలర్ (వెనక కట్టి లాగేది) 32 అడుగులు దాటకూడదు. కేడ్స్ కోవ్, స్మోక్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్లలో మోటర్‌హోమ్ 40, ట్రైలర్ 35 వరకూ రానిస్తారు. కానీ అది క్యాంప్‌గ్రౌండ్ మొత్తానికి రాసిన లెక్క. మీరు తీసుకున్న సైట్ పొడవు ఎంతో ఆ సైట్ పేజీలో విడిగా చూసుకోవాలి. చెట్ల మధ్య ఇరుకు మలుపులో పెద్ద బండిని వెనక్కి పెట్టాల్సి వస్తే కొత్తగా నడిపేవాళ్లకి సెలవు మొత్తం చేదైపోతుంది.

ఇక కరెంటు సంగతి. బండిలో ఏసీ ఉందిగా, మైక్రోవేవ్ ఉందిగా అని అందరూ అడుగుతారు. ఉన్నాయి. కానీ పైన చెప్పిన మూడు క్యాంప్‌గ్రౌండ్లలో మామూలు సైట్లకి కరెంటు కనెక్షన్ ఉండదు, నీళ్ల కనెక్షనూ ఉండదు, స్నానాలకి షవర్లు అసలే లేవు. జనరేటర్ పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకే వేసుకోవచ్చు. అంటే రాత్రి ఏసీ లేదు. జూలైలో వెళ్తే ఇది బాగా తెలుస్తుంది. కరెంటు తప్పనిసరి అనుకునేవాళ్లు ప్రైవేట్ పార్కుకో, జార్జియాలోని వోగెల్, బ్లాక్ రాక్ మౌంటెన్ స్టేట్ పార్కులకో వెళ్లండి. బ్లాక్ రాక్ జార్జియాలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న స్టేట్ పార్క్, 3,640 అడుగులు. ఎండాకాలం రాత్రుళ్లు అక్కడ హాయిగా ఉంటుంది. పెద్దవాళ్లలో ఎవరైనా రాత్రి ఊపిరి సరిగ్గా ఆడటానికి సీప్యాప్ మిషన్ పెట్టుకుని పడుకుంటుంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి. దానికి సరిపడా బ్యాటరీ విడిగా ఇస్తాం, అద్దె లేదు. ఇన్సులిన్ ఉంటే కూడా చెప్పండి, బండిలో ఫ్రిజ్ ప్రొపేన్ మీద నడుస్తుంది, భయం అక్కర్లేదు.

వంట గురించి ఎంత చెప్పినా తక్కువే. రైస్ కుక్కర్ ఇంట్లోనే వదిలేసి చిన్న ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. ప్రొపేన్ స్టవ్ మీద మూడు విజిల్స్‌కి అన్నం అయిపోతుంది, జనరేటర్ జోలికి పోనక్కర్లేదు. పోపు పెట్టే ముందు పైకప్పు మూత తెరిచి ఫ్యాన్ వేయండి. నూనెలో ఎండుమిర్చి పడగానే బండిలో స్మోక్ అలారం మోగుతుంది, పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. వీలైతే పోపు బయట బల్ల మీద చిన్న స్టవ్‌తో పెట్టుకోండి. ఆ స్టవ్ మేమే ఇస్తున్నాం.

గిన్నెల నీళ్ల గురించి మా ఇంటి ఆడవాళ్లు, మగవాళ్లు అందరికీ ఒకే మాట చెప్పాను, మీకూ అదే. సింకు నీళ్లు వెళ్లే ట్యాంకులో 30 గాలన్లకి మించి పట్టవు. కుళాయి వదిలేసి మనం ఇంట్లో తోమినట్టు తోమితే ఒకటిన్నర రోజులో నిండి, నీళ్లు స్నానం చేసే చోట పైకి తన్నుతాయి. కంచాలు ముందు పేపర్ టవల్‌తో తుడిచేసి, టబ్బులో నీళ్లు పట్టుకుని కడగండి. ట్యాంకు ఖాళీ చేసే డంప్ స్టేషన్ కేడ్స్ కోవ్‌లో, స్మోక్‌మాంట్‌లో ఉంది. ఎల్క్‌మాంట్‌లో లేదు, షుగర్‌ల్యాండ్స్ విజిటర్ సెంటర్ దగ్గరికి రావాలి. కడిగిన నీళ్లు మాత్రం చెట్ల మొదట్లో పారబోయకండి. పప్పు మెతుకు వాసన చాలు, ఎలుగుబంటి వస్తుంది. ఈ పార్కులో సుమారు 1,900 ఎలుగులున్నాయని పార్కు వాళ్ల అంచనా. ఆవకాయ సీసా, నెయ్యి డబ్బా, కూలర్, స్టవ్, టూత్‌పేస్ట్ కూడా తిన్న వెంటనే బండిలో పెట్టి తలుపు వేయాలి. గుడారంలో తిండి వస్తువు ఏదీ పెట్టకూడదు. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగుని చివరికి చంపేయాల్సి వస్తుంది, అది మన నిర్లక్ష్యం వల్ల జరగకూడదు. ఎలుగు కనిపిస్తే 50 గజాల దూరం ఉండటం చట్టం, ఫోటో కోసం దగ్గరికి వెళ్లొద్దు.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి. చెట్లని చంపే పురుగులు కట్టెల్లోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తాయి, అందుకే వేడిలో శుద్ధి చేసి సర్టిఫై చేసిన కట్టెల్నే పార్కులోకి రానిస్తారు. చెరోకీలోనూ టౌన్‌సెండ్‌లోనూ దొరుకుతాయి.

దారి విషయంలో ఫోన్ చెప్పే మాట నమ్మొద్దు. చెరోకీకి ఐ-985 హైవే ఎక్కి, 441 రోడ్డు పట్టుకుని టలూలా ఫాల్స్, క్లేటన్, ఫ్రాంక్లిన్ మీదుగా వెళ్లండి. వోగెల్‌కి దగ్గరి దారి నీల్స్ గ్యాప్ మీదుగా ఉన్నా, ఆర్వీతో 515 రోడ్డు మీద బ్లెయిర్స్‌విల్ దాకా వెళ్లి అక్కడి నుంచి దక్షిణానికి రావడం సుఖం. టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ అనే 129 రోడ్డు, 11 మైళ్లలో 318 మలుపులు, మా బండ్లతో అటు వెళ్లడానికి ఒప్పుకోం. గాట్లిన్‌బర్గ్ దగ్గరున్న రోరింగ్ ఫోర్క్ దారిలోకి ఆర్వీలని పార్కే రానివ్వదు.

న్యూఫౌండ్ గ్యాప్ 5,046 అడుగులు. అక్కడి నుంచి షుగర్‌ల్యాండ్స్‌కి 13 మైళ్లలో సుమారు 3,500 అడుగులు దిగాలి. గేర్ దగ్గర టో హాల్ బటన్ (దిగుడులో తక్కువ గేర్‌లో ఉంచేది) నొక్కి, ఇంజిన్‌తోనే వేగం ఆపుతూ దిగండి. బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచితే కాలిన వాసన వస్తుంది. వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి, మాకు ఫోన్ చేయండి, ఎవరూ ఏమీ అనరు. ఇలా ఎలా దిగాలో బండి ఇచ్చే రోజు ప్రతి డ్రైవర్‌నీ కూర్చోబెట్టి చూపిస్తున్నాం.

హెలీన్ తుపాను గురించి ఇంకా అడుగుతున్నారు. 2024 సెప్టెంబర్ 27న పశ్చిమ నార్త్ కరొలైనాని అది కుదిపేసింది. పిజన్ నది పక్కన ఐ-40 రోడ్డు కొట్టుకుపోయింది, 2025 మార్చి 1న అటొక లేను, ఇటొక లేనుతో, గంటకి 35 మైళ్ల వేగంతో తెరిచారు. 469 మైళ్ల బ్లూ రిడ్జ్ పార్క్‌వే కూడా చాలాచోట్ల దెబ్బతింది. ఆష్‌విల్ వైపు వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు రోజు పార్కు వాళ్ల రోడ్ల పేజీ, నార్త్ కరొలైనా రవాణా శాఖ పేజీ చూసుకోవాలి. ఆ ఊళ్లకి వెళ్లడం మానకండి. అక్కడ చిన్న దుకాణాలు, హోటళ్లు నడిపేవాళ్లు మన రాక కోసం చూస్తున్నారు, ఓ పూట భోజనమైనా అక్కడ చేయండి.

పార్కు గానీ రాష్ట్రం గానీ మీ క్యాంప్‌గ్రౌండ్‌నో దారినో మూసేస్తే మీ డబ్బు పూర్తిగా వెనక్కిస్తాం, లేదా తేదీ మారుస్తాం. వాన పడిందని మాత్రం ఇవ్వలేం. స్మోకీస్‌లోని కువోహి (పాత పేరు క్లింగ్‌మన్స్ డోమ్) శిఖరం మీద ఏటా 85 అంగుళాల దాకా వాన పడుతుంది, ఆ కొండలు పచ్చగా ఉండటానికి కారణమే అది. రెయిన్ కోట్లు సర్దుకోండి.

ఇన్సూరెన్స్ పెరిగింది కాబట్టి రోజు అద్దె 15 డాలర్లు పెంచాం. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకి పాత ధరే.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఓకనలుఫ్టీ విజిటర్ సెంటర్ పక్క పొలం దగ్గర సాయంత్రం ఆగండి. 2001 నుంచి మళ్లీ తెచ్చి వదిలిన ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) అక్కడికి మేతకొస్తాయి, నడవనక్కర్లేకుండా దూరం నుంచే చూడొచ్చు. పార్కులో అటూ ఇటూ తిరిగి ఎక్కడైనా 15 నిమిషాలకి మించి ఆపితే పార్కింగ్ ట్యాగ్ కావాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40, ఒక్కో బండికి ఒక్కోటి.

సైట్ కన్ఫర్మేషన్, డ్రైవర్ లైసెన్స్ ఫోటో, ఎంతమంది వస్తున్నారో, పెద్దవాళ్ల అవసరాలేమిటో వాట్సాప్‌లో పంపండి. బండి తీసుకునే రోజు గంటన్నర తీరిక పెట్టుకుని రండి. నడిపేవాళ్లతో పాటు వంట చేసేవాళ్లు కూడా రావాలి.