ఎంబీ అంటే బిట్టా, బైటా? తేల్చి రాయండి

సంపాదకులకు,

ఇంటర్నెట్ కనెక్షన్ల గురించిన వార్తల్లోనూ ప్రకటనల్లోనూ ‘100 ఎంబీ స్పీడ్’ అని అచ్చవుతోంది. సెకనుకా, నిమిషానికా అన్నది అందులో ఉండదు. అసలు అవి బిట్లో బైట్లో కూడా తెలియదు. రోమన్ లిపిలో చిన్న ‘బి’ బిట్‌కు, పెద్ద ‘బి’ బైట్‌కు గుర్తు. తెలుగులో చిన్న, పెద్ద అక్షరాలు లేవు కాబట్టి ‘ఎంబీ’ అనగానే ఆ తేడా పోతుంది. ఆ తేడా ఎనిమిది రెట్లు!

కంపెనీలు వేగాన్ని సెకనుకు మెగాబిట్లలో చెబుతాయి. ఫైళ్ల సైజు, రోజువారీ డేటా కోటా మాత్రం బైట్లలో ఉంటాయి. ఎనిమిది బిట్లు ఒక బైట్. కాబట్టి 100 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు వచ్చేది ఎక్కువలో ఎక్కువ 12.5 మెగాబైట్లు. అదీ పూర్తిగా చేతికి రాదు. కంప్యూటర్‌ను రౌటర్‌కు కలిపే ఈథర్నెట్ కేబుల్‌లో ప్రతి 1538 బైట్ల చోటులో మన డేటా 1460 బైట్లే. మిగతాది చిరునామాలకు, తనిఖీకి, ప్యాకెట్ల (డేటా ముక్కల) మధ్య విరామానికి పోతుంది. అందుకే స్పీడ్ టెస్టులో 94, 95 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది. పైగా విండోస్ ఒక ఎంబీని 10,48,576 బైట్లుగా లెక్కిస్తుంది కాబట్టి ఫైల్ కాపీ అవుతుంటే సెకనుకు 11.3 ఎంబీ (మెగాబైట్ల) దాకానే చూపిస్తుంది. ఇది మోసం కాదు, కనెక్షన్ సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. నెట్‌వర్క్ వేగాల్లో మెగా అంటే ఎప్పుడూ పది లక్షలే.

ఫిర్యాదు చేయాల్సిన సందర్భం వేరే ఉంది. గిగాబిట్ (1000 మెగాబిట్ల) కనెక్షన్ పెట్టించుకున్నా అదే 94 దగ్గర ఆగిపోతోందంటే ముందు కేబుల్‌ను అనుమానించాలి. 100 మెగాబిట్లకు రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ప్లగ్గులో ఆ అదనపు రెండు జతల్లోని ఒక్క తీగ సరిగ్గా అంటుకోకపోయినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. అక్కడ 1000 బదులు 100 ఉంటే కేబుల్ మార్చి చూడాలి. అప్పటికీ మారకపోతే రౌటర్ పోర్టే 100ది అయి ఉండవచ్చు.

వైఫైలో కనిపించే అంకెలను ఇంకా జాగ్రత్తగా చదవాలి. రౌటర్ పెట్టె మీది 1200 అన్న అంకె రెండు బ్యాండ్ల (రేడియో తరంగాల శ్రేణుల) వేగాలను, అంటే 300ను, 867ను కలిపి సర్దిన మొత్తం. ఫోను మామూలుగా ఒక సమయంలో ఒక బ్యాండ్‌నే వాడుతుంది. పంపడం, అందుకోవడం ఒకే ఛానెల్‌లో వంతులవారీగా జరుగుతాయి కాబట్టి, ఫోను 866 చూపించినా దగ్గర దగ్గర సగం చేతికొస్తే బాగున్నట్టే.

కోటా విషయంలో పాఠకులు నష్టపోయేది కూడా ఇక్కడే. 2 జీబీ అంటే 16,000 మెగాబిట్లు. 40 మెగాబిట్ల వేగంతో ఆపకుండా దించుకుంటే 400 సెకన్లలో, అంటే ఏడు నిమిషాలు నిండకుండానే అయిపోతుంది. కోటా తర్వాత వేగం 64 కిలోబిట్లకు తగ్గుతుందని ప్లాన్‌లో రాసి ఉంటే, అది సెకనుకు 8 కిలోబైట్లు. 5 మెగాబైట్ల ఫొటో ఒకటి రావడానికి పది నిమిషాలు దాటుతుంది. ఆ వేగాన్ని ‘అన్‌లిమిటెడ్’ అని ప్రచురించేటప్పుడు ఈ లెక్క పక్కనే ఉండాలి.

కాబట్టి వేగం రాసిన ప్రతిచోటా ‘సెకనుకు ఇన్ని మెగాబిట్లు’ అని పూర్తిగా రాయండి. ఫైళ్లకూ కోటాకూ మెగాబైట్లు, గిగాబైట్లు అనండి. అప్‌లోడ్ వేగం తక్కువగా ఉండే ప్లాన్లకు ఆ అంకెను విడిగా ఇవ్వండి. ప్రకటనలు ఇచ్చేవారినీ ఇదే అడగండి.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీరు