వార్షిక నివేదిక: పేషెంట్ గ్రూపులకు పాఠాలు, ఈ ఏడాది మన పని

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన ఫిజియోథెరపీ విద్యార్థుల సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. మన విద్యార్థులు పేషెంట్లకు వ్యాయామ పాఠాలు చెప్పే మోకాళ్ల అరుగుదల, నడుము నొప్పి, పక్షవాతం గ్రూపులు, పడిపోతామని భయపడే పెద్దవాళ్ల గ్రూపు ఏడాది పొడవునా నడిచాయి.

ఈసారి ఎక్కువ శ్రమ లెసన్ ప్లాన్ మీదే, అంటే క్లాసులో ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో ముందే రాసుకునే కాగితం మీదే పెట్టాం. మొదట్లో వచ్చిన ప్లాన్లలో లక్ష్యం అన్నచోట 'తొడ కండరాల ప్రాముఖ్యతను తెలుసుకుంటారు' లాంటి వాక్యాలే ఉండేవి. తెలుసుకున్నారో లేదో ఎలా చూస్తాం? అమెరికా విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో జ్ఞానానికి, 1964లో వైఖరికి సంబంధించిన లక్ష్యాలను వర్గీకరించి, శరీరంతో నేర్చే నైపుణ్యాల వర్గీకరణను ఇతరులకు వదిలేసింది. మన పనిలో సగానికి పైగా ఆ మూడోదే. అందుకే లక్ష్యాన్ని కంటికి కనబడేలా రాయాలని నియమం పెట్టాం: 'క్లాసు అయ్యేసరికి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చుని చూపిస్తారు.' ఇలా రాయగానే మిగతా ప్లాన్ దానంతటదే మారిపోయింది. ఎముకల బొమ్మలున్న స్లైడ్లు తగ్గాయి, చేయించే సమయం పెరిగింది. చేతులు ఆనించకుండా లేవలేనివాళ్లకు ఎత్తు కుర్చీ, పక్కన నిలబడటానికి ఒక మనిషి అని కూడా ప్లాన్‌లోనే రాయడం మొదలైంది.

మనందరం గర్వపడాల్సిన రోజు మోకాళ్ల గ్రూపు క్లాసు. పాఠం చెప్పిన మూడో ఏడాది విద్యార్థిని చివర్లో 'అర్థమైందా?' అని అడగలేదు. 'ఇంట్లో మీవాళ్లకు ఇది ఎలా చెప్తారు?' అని అడిగింది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ 'నొప్పొస్తే వ్యాయామం మానెయ్యమన్నారు' అంది. ఆ అమ్మాయి చెప్పింది అది కాదు. కానీ ఆవిడను తప్పుపట్టకుండా 'నేనే సరిగ్గా చెప్పలేదమ్మా' అని మళ్లీ మొదలెట్టింది: కాస్త నొప్పి రావచ్చు, మర్నాటికి సర్దుకుంటే పర్లేదు, సర్దుకోకపోతే ఎన్నిసార్లు చేస్తున్నారో అది తగ్గించండి, మోకాలు బాగా వాచినా బరువు ఆనించలేకపోయినా ఆపి మాకు చూపించండి. రెండోసారి ఆవిడే ఆ మాటలు వరసగా చెప్పి, లేచి చేసి చూపించింది. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఆవిడ ఇంటికెళ్లి వ్యాయామం మొత్తం మానేసేది. ఇప్పుడు ప్రతి ప్లాన్‌లో చివరి 10 నిమిషాలు దీనికే కేటాయిస్తున్నాం.

పెద్దవాళ్ల గ్రూపు గురించి ఒక మాట. 65 ఏళ్లు దాటినవాళ్లు వారానికి 3 రోజులైనా బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మనకు హాలు ఇస్తామన్న ఆసుపత్రి అధికారులు మాత్రం ఉత్తరం మీద ఉత్తరం రాసినా తాళం ఇవ్వలేదు. వరండాలో, పట్టుకోవడానికి ఆధారం లేనిచోట, బ్యాలెన్స్ క్లాసు నడపడం ఎంత టెన్షనో అక్కడున్నవాళ్లకే తెలుసు.

ఇంకో సంగతి, నొచ్చుకోకుండా వినండి. వాలంటీర్ల జాబితాలో పేరు రాయించుకుని క్లాసు రోజు ఫోను ఎత్తనివాళ్లు చాలామంది ఉన్నారు. పక్షవాతం గ్రూపులో ప్రతి పేషెంట్ పక్కనా ఒకరు ఉండాలి. మనుషులు రాక క్లాసు రద్దు చేస్తే, ఆటో కట్టించుకుని వచ్చినవాళ్లకు ఏం చెప్పాలి?

జమాఖర్చులను కోశాధికారి నోటీసుతో పాటు పంపారు, ఆడిట్ అయింది, ఆమోదించగలరు.

ప్లాన్లు ఓపిగ్గా దిద్దిన అధ్యాపకులకు, కుర్చీలు మోసిన మొదటి ఏడాది తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, బొమ్మలతో కరపత్రాలు గీసిన మిత్రులకు, మా పాఠాలు భరించి తప్పులు మొహమాటం లేకుండా చెప్పిన పేషెంట్లకు పేరుపేరునా ధన్యవాదాలు.

వచ్చే ఏడాది నుంచి లెసన్ ప్లాన్ క్లాసుకు వారం ముందే అందాలని, రెండుసార్లు చెప్పకుండా గైర్హాజరైనవారి పేరు జాబితాలోంచి తీసేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఈ రెండింటి మీదా సభ్యులు ఇప్పుడే ఓటు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి