శకలాలను కదిలించకండి

సంపాదకునికి,

శిక్షణ విమానం ఎక్కడ కూలినా మరునాటికే 'సాంకేతిక లోపం' అని తేల్చేస్తారు. శకలాలైనా చల్లారాలి కదా! 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం కూలి, శిక్షణలో ఉన్న యువతి మరణించింది. అది పడింది పొలాల్లోనే.

ఇలాంటి చిన్న విమానాల్లో సాధారణంగా బ్లాక్ బాక్స్ ఉండదు. శకలాలే సాక్ష్యం. ప్రొపెల్లర్ (విమానాన్ని ముందుకు లాగే పంకా) రెక్కలు వంగిన తీరును బట్టి నేలను తాకే క్షణంలో ఇంజిన్ శక్తినిస్తోందో లేదో అంచనా వేస్తారు. రన్‌వే వైపు మలుపు తిరిగేటప్పుడు వేగం మరీ తగ్గితే విమానం రెక్కలకు గాలి ఊతం తప్పుతుంది; తక్కువ ఎత్తులో కోలుకునే వ్యవధి ఉండదు. ఇంజిన్ ఆగిందా, ఇలా జరిగిందా అన్నది ఆ ముక్కలే చెప్పాలి. మనవాళ్లేమో వాటి పక్కన సెల్ఫీలు దిగుతారు!

లోపలివారిని కాపాడటానికి తప్ప దేనినీ కదిలించకూడదని, కారిన పెట్రోలు దగ్గర నిప్పు రాజేయకూడదని రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కల పంచాయతీల్లో అధికారులు చెప్పాలి. దర్యాప్తు తుది నివేదికలు వచ్చినప్పుడు వాటిని లోపలి పేజీలో మూలకు నెట్టవద్దని మీకూ మనవి.

– ఒక పాఠకుడు, తిరుపతి